తిన్నని గీతల వార్డు

మరదలికి ఆశీస్సులు,

మీ కాన్పుల వార్డు చార్టులు మా రికార్డుల ఆఫీసుకు చేరాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో! నొప్పులు ఎలా సాగుతున్నాయో, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో తల్లి పక్కనే ఉండి ఎప్పటికప్పుడు రాయమంటే, మిగతా ఆసుపత్రులవాళ్లు కోడి గెలికినట్టు రాస్తారు. మీ చార్టుల్లో మాత్రం కాన్పు ఎంత సాగిందో చూపే గీత తల్లులందరికీ స్కేలు పెట్టి గీసినట్టు ఎక్కింది. ఈ ఏటి బహుమతి మీకే. నర్సులందర్నీ మీ దగ్గరికి నేర్చుకోవడానికి పంపుతున్నాం.

మీ వదిన

తా.క. నువ్వు మా తమ్ముడి భార్యవని ఆఫీసులో చెప్పలేదు. బహుమతి సంగతి వాడికి చెప్పకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

*

వదినగారికి నమస్కారాలు,

బహుమతి వద్దండీ. అవి స్కేలు పెట్టి గీసినట్టున్న గీతలు కావు, స్కేలు పెట్టి గీసినవే. కాన్పయ్యాక టీ తాగుతూ ఒక్కసారే రాసేస్తాం. నొప్పులు పడేవాళ్లు నా చెయ్యి వదలరు, ఇక పెన్ను ఎలా పట్టుకోను? ఇది కారణమో సాకో నాకే తేలడం లేదు. నర్సుల్ని మాత్రం పంపకండి. ఇక్కడికొస్తే ఇదే నేర్చుకుంటారు, రేపు ఎవరి ప్రాణం మీదికో వస్తుంది.

మీ మరదలు

తా.క. నిరుడు ఒక నెల స్కేలుకు గంటు పడింది. ఆ నెల తల్లులందరి గీతా ఒకేచోట మెలిక తిరిగి ఉంటుంది, చూసుకోండి.

*

మరదలా,

ఎంత అణకువే నీకు! నీ ఉత్తరం మా పెద్దాఫీసరుకు చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకున్నారు. ఇంత మంచి వార్డు ఉండగా ఇంకోచోటికి ఎందుకు? మా అమ్మాయిని పురిటికి మీ దగ్గరికే తెస్తున్నాను. ఈ ఉత్తరం వెనకాలే మేమూ దిగుతాం.

మీ వదిన

తా.క. ఆ మెలిక మేమూ చూశాం. మీ తల్లులు ఒక్కమాట మీద ఉండేవాళ్లని మెచ్చుకున్నాం.

*

వదినగారూ,

మీరు వరండాలో ఉన్నారు కనుక ఈ చీటీ ఆయాతో పంపుతున్నాను. మీ అమ్మాయి నా కుడిచెయ్యి పట్టేసుకుంది. ఎడంచేత్తో ఎప్పటికప్పుడు రాస్తున్నాను. గీత కాసేపు ఎక్కి, ఆ తర్వాత అడ్డంగా పడుకుంది, కాన్పు ముందుకు సాగడం లేదు. చార్టు మీద ముందే అచ్చేసిన హెచ్చరిక గీతను దాటింది. దాటడం కళ్లారా చూశాను కనుకే డాక్టరమ్మకు కబురు పెట్టాను. ఆపరేషన్ అంటున్నారు. దీంతో ఉన్న ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టి పంపండి. మీరు భయపడకండి. ఆ పని నేను చేస్తున్నాను, ఒకరు చాలు.

మీ మరదలు

తా.క. ఇది అణకువ కాదు.

*

కాన్పుల వార్డు హెడ్ నర్సుగారికి,

మీరు పంపిన తాజా చార్టు అందినది. రాత ఏటవాలుగా ఉన్నది. కొట్టివేతలు మెండు. ఒక మూల ఏమిటో తెలియని మరక. శుభ్రతకు మార్కులు సున్నా. బహుమతి రద్దు చేయడమైనది.

ఇట్లు,
రికార్డుల ఆఫీసు తరఫున,
ఒక అమ్మమ్మ

తా.క. మనవరాలి గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. తల్లి కులాసా. బహుమతి పక్క ఆసుపత్రికి పోయింది, వాళ్ల గీతలు మీవాటికన్నా తిన్నగా ఉన్నాయట. రేపు చెప్పాపెట్టకుండా అక్కడ దిగుతున్నాను. నువ్వూ రా.