వీధి గేటుకి నూనె పెట్టనివ్వకు

అమ్మా,
నేను కులాసా. గుమాస్తా పని మానేశాను, కొట్టు మానలేదు, కంగారు పడకు. మొన్న బాగుచేసిన హార్మోనియానికి రసీదు రాస్తూ, “మూడో మెట్టు కొంచెం ఏడుస్తోందండీ” అన్నాను. మేస్త్రీ చెవి ఆనించి విన్నారు. “ఈ చెవి పెట్టుకుని ఇన్నాళ్లూ రసీదులు రాశావా అమ్మాయ్?” అన్నారు. ఆ పూట నుంచి శ్రుతి చేసే బల్ల దగ్గరే నా చోటు. రోడ్డు దాటుతున్నా చెవిలో అవే స్వరాలు, కాళ్లు నేల మీద ఆనడం లేదు.

కుర్చీ ఉద్యోగం వదిలానని నాన్న గొణుగుతారు. చిన్నప్పుడు గ్లాసులు మోగిస్తున్నానని తిట్టేవారుగా, ఇప్పుడు ఆ పనే చేస్తోందని మెల్లిగా చెప్పు. చెల్లికి జ్వరం తగ్గిందా? నాన్నకి నమస్కారాలు.

వీధి గేటుకి మాత్రం నూనె పెట్టనివ్వకు. ఇక్కడ కూర్చుని తలుచుకుంటే అది మధ్యమ స్వరంలో కిర్రుమంటున్నట్టుంది. వచ్చి విని చూసుకోవాలి.

నీ పెద్దది