ఇనుప చేతులతో వేసిన ముడి

బొంబాయి, 14-7-1965

చెల్లె నర్మదకు అన్న అంబదాస్ ఆశీస్సులు. బాపుకు చూపు లేదు కనుక ఈ కార్డు నువ్వే చదివి వినిపించు.

"నీ కొడుకు విషం కాడ పనిచేస్తుండట" అని ఎవరో అంటే అవ్వ ఏడ్చిందని రాశావు. ఫికర్ వద్దు. మా అణు కేంద్రంలో కంటికి కనబడని కిరణాలు వచ్చే లోహం ఉన్నమాట నిజమే కానీ, దాన్ని మేము ముట్టుకోం. దానికీ నాకూ మధ్య మూడడుగుల గోడ, అంతే మందం పసుపు అద్దం ఉన్నాయి. ఇవతల నేను పిడి కదిపితే, లోపల ఇనుప చేతులు అట్లాగే కదులుతాయి.

నిన్న మా సారు లోపల తెగిన దారం ఒకటి పెట్టించి, ఇనుప చేతులతో ముడి వేయమన్నారు. చదువుకున్న ముగ్గురికి రాలేదు. నేను వేశాను. మగ్గం మీద పెరిగిన చెయ్యి అని మెచ్చుకుని నౌకరీ పక్కా చేశారు. అందరూ సంబరపడుతుంటే నాకే ఏమీ సమజ్ కాలేదు. ఆ దారం నా వేళ్లకు తగలనే లేదు.

మగ్గం గుంతలోకి వాన నీళ్లు వచ్చాయా? అవ్వ దగ్గు తగ్గిందా? వెంటనే జవాబు రాయి. ఇద్దరికీ నా దండాలు చెప్పు.

బాపును ఒక్క మాట అడుగు. "కండ్లు మూసుకొని ముడెయ్యిరా, గట్టిగ పడ్డదో లేదో చేతి ఏళ్లే చెప్తయి" అనేవాడు కదా. అద్దంలోంచి ముడి చక్కగా కనబడుతోంది. గట్టిగా పడిందో లేదో నాకెవరు చెప్తారు?

అంబదాస్