నన్ను ఎరుగుదునన్న నోటరీ

జిల్లా రిజిస్ట్రార్ అయ్యగారికి,
శంషాబాద్ నుంచి సురయ్యా సలాం చేసి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా ముఖం చూడకుండానే నా ప్రమాణానికి సాక్షిగా సంతకం పెట్టిన నోటరీ అరుణ్‌కుమార్ గారి గురించి.

1. నా కొడుకు యాసిర్ ఎయిర్‌పోర్టు దగ్గర గోదాములో సామాను దించేవాడు. తుప్పు పట్టిన ఇనుప ర్యాకు వాడి మీద కూలింది. చనిపోయాడు.

2. మట్టి చేసిన మూడోనాడే కాంట్రాక్టరు మనిషి కొండల్ వచ్చి, దవాఖాన కాగితాల కోసమని నన్ను ఆరాంఘర్ తీసుకుపోయాడు. నోటరీ గారి ఆఫీసు పై అంతస్తు. "అక్కా, నువ్వు మెట్లెక్కకు. ఆటోలనే కూసో, నేను చేపిచ్చుకొస్త" అన్నాడు. ఇంగ్లీషు కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఏడుస్తూ సంతకం చేశాను. అతను పైకి తీసుకుపోయి ముద్ర వేయించుకొచ్చాడు.

3. ఇప్పుడు పోలీసులు అదే కాగితం చూపించి కేసు మూసేస్తామంటున్నారు. పక్కింటి రిదా చదివి చెప్పింది. యాసిర్ తాగి వచ్చి ర్యాకు ఎక్కాడట. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదట. అట్లని నేనే ప్రమాణం చేశానట! సోడా తాగితేనే ముక్కు మండుతోందని గోల చేసే పిల్లగాడు వాడు.

కింద నోటరీ గారి మాట: "ఈమెను నేను ఎరుగుదును. తెలుగులో చదివి వినిపించితిని. నా ఎదుట ప్రమాణము చేసినది."

4. ఎరిగినవారే కదా అని ఆయన దగ్గరికి పోయాను.

"ఎవరమ్మా నువ్వు?"

"మీరు ఎరిగినామెనే సార్."

"మజాకా? ఎంతమందో వస్తరు, అందరి మొహాలు యాదుంటయా? అది అందరికీ కొట్టే ముద్రనే."

"గట్లయితే ముద్రొక్కటి సాలు గద సార్. నడుమ మీరెందుకు?"

బెంచీ మీదివాళ్లు నవ్వారు. ఆయన నన్ను బయటికి నడవమన్నాడు.

అయ్యా, ప్రమాణం, కసమ్ అంటే మా ఇళ్లలో పిల్లలు కూడా భయపడతారు. దానిని వినడానికి సర్కారు ఈయనను కూర్చోబెట్టింది. ఈయనకు చెయ్యి ఒక్కటే పని చేస్తోంది. కళ్లూ చెవులూ ఇంట్లో పెట్టి వస్తున్నాడు.

కాబట్టి తమ ఆఫీసులో నా వయసు ఆడవాళ్ల నడుమ నన్ను నిలబెట్టండి. ఎరిగినామెను చూపించమని ఆయనను అడగండి. చూపిస్తే ఆ కాగితంలోని ప్రతి మాటా ఒప్పుకుంటాను. మొన్న పోయినప్పుడు చూసి ఉంటాడేమో అనుకోకండి. మాట్లాడినంతసేపూ ఆయన ఫోను మీంచి తల ఎత్తలేదు. చూపించలేకపోతే ఆ కాగితం చెల్లదని పోలీసులకు రాసివ్వండి. ఆ ముద్రను తమ తలుపు కొట్టుకోకుండా కింద పెట్టుకోండి, అందుకైనా పనికొస్తుంది.

చిత్తగించి నన్ను పిలిపించవలెను.

తమ విధేయురాలు,

 

తా.క.: సంతకం లేదని అర్జీ వెనక్కి పంపకండి. మరిచిపోలేదు. తమ ఎదుట నిలబడి చేస్తాను. జర తల ఎత్తి చూడండి, చాలు.