తాలింఖానా గంట

టెహ్రాన్

నా తల్లి ఫరంగీస్‌కి నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ తిడుతూ, తిట్టించుకుంటూ ఉన్నాం. అంటే క్షేమమే. శీరాజ్‌లో నువ్వూ వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. నొప్పి అలాగే ఉంది, నోరు మాత్రం దివ్యంగా ఉంది. నీకోసం పుల్ల చెర్రీల మురబ్బా చేసింది. నేను వేలు పెట్టానని సీసా దాచేసింది.

ఇక నీ పుస్తకం. షా మనుషులు ప్రధానమంత్రిని కూలదోసిన ఆ మొర్దాద్ నెల గురించి రాస్తున్నావు, సంతోషం. కానీ "దక్షిణ టెహ్రాన్ తాలింఖానాలన్నీ డబ్బు తీసుకుని షా గుంపులో నడిచాయి" అని రాయమన్నాడా మీ ప్రొఫెసరు? అన్నీ అంటే ఏమిటమ్మా? ఆయన ఏనాడైనా మా గోదాలో దిగాడా? మాలో వెళ్ళినవాళ్ళున్నారు, కాదనను. వెళ్ళనివాళ్ళమూ ఉన్నాం. ఆ రోజంతా నేను తాలింఖానాలో నా డోలు ముందే కూర్చున్నాను.

పరువున్న పహిల్వాను గుమ్మం దాటితే డోలు వాయించేవాడు గంట కొట్టాలి. అది అతనికిచ్చే మర్యాద. ఆ సాయంత్రం వస్తాదు హబీబ్ ప్రధానమంత్రి ఇల్లు దోచిన గుంపులోంచి నేరుగా వచ్చాడు, భుజాన ఎవరిదో తివాచీ. నేను గంట మీదికి చెయ్యెత్తలేదు.

"ఏరా యదుల్లా, గంట బరువైందా?" అన్నాడు.

"గంట ఎప్పట్లాగే ఉంది వస్తాదూ. నువ్వే తేలికయ్యావు" అన్నాను.

ఇంతవరకే నీకు చెప్పాను. నా కుడిచెయ్యి గుర్రబ్బండి చక్రం కింద నలిగిందన్నానే, అది అబద్ధం. హబీబ్ తివాచీ దించి, నా చేతిని గడప మీద పెట్టించి, చెక్క గదతో కొట్టాడు. నువ్వు వాళ్ళ పిల్లలతో ఆడుకునేదానివి. నీ ఆట చెడగొట్టడం ఇష్టంలేక దాచాను. భయపడి కాదు. గాయం మానకముందే ఎడమచేత్తో వాయించాను. ఈ వంకర అక్షరాలూ ఆ చేతివే.

"నీ పేరు తీసేయనా నాన్నా, హబీబ్ కొడుకులు అక్కడే ఉన్నారుగా" అని రాశావు. పుస్తకం సంగతి మీ అమ్మ వీధంతా చాటింది. నిన్న టీ కొట్టు దగ్గర వాళ్ళ పెద్దాడు నన్ను ఆపాడు. తాలింఖానా ఇప్పుడు వాడి చేతిలోనే ఉంది.

"ముసలోడా, మా నాన్న సంగతి పుస్తకంలోకెక్కితే నీ డోలు వీధిలో ఉంటుంది."

"నీకెందుకు బాబూ ఆ శ్రమ?" అని నేనే వెళ్ళి డోలు ఇంటికి తెచ్చేసుకున్నాను. మీ అమ్మ అప్పుడే దాని మీద పుదీనా ఆరబెట్టింది.

ఇన్నేళ్ళు కూర్చున్న చోటు పోయింది. పోనీ. నువ్వు ఆ 'అన్నీ' కొట్టేసి నా పేరు రాయి. మా నాన్న పేరూ, మన వీధి పేరూ కలిపి రాయి. ఈ ఊళ్ళో యదుల్లాలు చాలామంది. ఆ విరిగిన చెయ్యి తనదని ఇంకొకడంటే నేనూరుకోను.

ఇట్లు,
గంట కొట్టని మీ నాన్న,
యదుల్లా