పన్నెండో ఇంటి పువ్వు

జూన్ 2, నరసాపురం

లేసు ఎగుమతి కంపెనీలో ఇంటర్న్‌షిప్ మొదలైంది. సిస్టమ్స్ ఇంజినీరింగ్ రాకెట్లకే కాదు, టేబుల్‌క్లాత్‌లకూ పనికొస్తుందని కాలేజీలో వాదించి గెలిచినదాన్ని. ఇక నిరూపించాలి. పన్నెండు ఇళ్లలో అల్లిన పువ్వులను ఇక్కడ వీరమ్మగారు అతికి ఒకే బట్టగా చేస్తారు. తొలిసారి వచ్చిన పెద్ద సైజు ఆర్డరు ముడతలు పడిందని తిరిగొచ్చింది. తప్పు అతుకుపనిదేనమ్మా, ఆవిడకి వయసైపోయింది, నువ్వో రిపోర్ట్ రాసిచ్చెయ్, సోమవారం నుంచి మానిపించేస్తాను అన్నారు మేనేజరు మణిశంకర్‌గారు.

జూన్ 4

రాసిచ్చాను. లోపం ఇంటర్‌ఫేస్‌లో ఉంది, అనగా అతుకులో. ఖండించడానికి సందు లేదు.

జూన్ 5, మధ్యాహ్నం

వీరమ్మగారికి ఎవరో చెప్పేశారు. ఆవిడ కోప్పడలేదు. పువ్వుల కుప్పలో చెయ్యి పెట్టి, చూడకుండానే, ఇది మరిడమ్మది, బిగలాగేస్తాది. ఇది సత్యకుమారిది, అంతా వదులు, అంటూ వరసపెట్టి చెప్పారు. ప్రతి పువ్వుకూ ఇంటి చీటీ కట్టి ఉంటుంది. సరిచూశాను. ముప్పై పువ్వులు, ఒక్కటీ తప్పలేదు.

పొట్టిదాని పక్కన ఓ కుట్టు పెంచుతాను, పెద్దదాని పక్కన తగ్గిస్తాను, చిన్న బట్టయితే సరిపోద్ది, ఇంత పెద్దది నా వల్ల ఎక్కడవుద్దమ్మా అన్నారు.

ఇరవై రెండేళ్లుగా పన్నెండు ఇళ్ల తేడాలను ఈ వేళ్లే దిద్దుతున్నాయి. ఆ విద్య ఏ కాగితం మీదా లేదు. లోపమని నేను రాసిన చోటే ఈ కంపెనీ నిలబడి ఉంది.

జూన్ 6

అందరూ చూసి అల్లే శాంపిల్ పువ్వు ఒక్కటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? ఊళ్లోకి వెళ్లాను. శాంపిల్ ఇంటి నుంచి ఇంటికి చేతులు మారుతుంది. మరిడమ్మగారు నన్ను చూసి నవ్వేశారు. నాలుగు రోజులు చేత్తో పట్టుకుంటే మాసిపోద్ది కదండీ, మాసిందాన్ని పక్కింటికెలా ఇస్తాం, బాగోదు. అది ఉంచేసుకుని, నేను కొత్తగా అల్లింది ఇస్తానండి, అన్నారు. అందరూ అంతేనట. మర్యాద! పన్నెండో ఇంటికి చేరేది నకలుకు నకలు. కొలిచాను. అసలుకంటే ఆరు మిల్లీమీటర్లు పొట్టి.

జూన్ 9

స్టాఫ్ అందరి ముందు రిపోర్ట్ వెనక్కి తీసుకున్నాను. ఏంటమ్మా, డిబేట్ స్టేజీ ఎక్కితే ఓడిపోవని విన్నానే, అని మణిశంకర్‌గారు నవ్వారు. నేను రాసింది తప్పండి, అన్నాను. ఈ వాక్యం నా నోట రావడం ఇదే మొదటిసారి.

వీరమ్మగారు ఉంటారు. ఇకమీదట పన్నెండు ఇళ్లకూ పన్నెండు శాంపిళ్లు, మాసిపోకుండా ప్లాస్టిక్ కవర్లలో. అన్నీ ఆవిడ అల్లినవే.

జూన్ 27

పెద్ద బట్ట నేల మీద పరిచాం. వీరమ్మగారు కళ్లు మూసుకుని అతుకుల వెంబడి చెయ్యి పోనిచ్చారు.

ఎక్కడా ఆగలేదు.