ముళ్లదిండు

క్వెట్టాలోని అక్క షహర్‌బానుకు తమ్ముడు ఇవజ్ సలాములు. నీ మరదలు, పిల్లలు బాగున్నారు. అమ్మ పోయి నలభై రోజులు దాటినా, అందరం క్షేమమని రాయబోతుంది చెయ్యి.

రెండు సంగతులడిగావు. కొండమీది ముళ్లదిండు పొదలు బతికే ఉన్నాయి. మంచు కరిగినమేర గుండ్రంగా, ముళ్లతో, ముడుచుకున్న గొర్రెల్లా కనిపిస్తున్నాయి. పొయ్యిలోకని వాటిని పీకీ పీకీ కొండను బోడి చేశాం. మట్టిని పట్టే వేళ్లు లేక ముందటేడు వరదొచ్చి కుర్బాన్ కూతుర్ని మింగింది. అప్పుడు మసీదులో నేనే అరిచి, ఇక ఒక్కటీ పీకబోమని ఊరిచేత ఒట్టు వేయించాను.

అమ్మ చలికి బాధపడిందా అన్నావు. లేదని కిందటి ఉత్తరంలో రాశాను. అబద్ధం అక్కా.

కరువుకు గొర్రెలమ్మేశాం కదా, పిడకలు నడిచలికాలంలోనే అయిపోయాయి. "ఒరేయ్, ఒక్క దిండు తెచ్చి పొయ్యిలో వెయ్యరా. ఎముకలు కొరుకుతున్నాయి" అంది అమ్మ. కొండ గురించి, వరద గురించి, రేపటి పిల్లల గురించి గంటసేపు చెప్పాను. అంతా విని, "పాఠం బాగుంది మాస్టారూ. కాస్త దగ్గరికి జరుగు, నీ నోటి ఆవిరైనా తగులుతుంది" అని నవ్వింది.

మూడోనాడు పోయింది.

స్నానం చేయించే ఆడవాళ్లు వేడినీళ్లడిగారు. మంచునీళ్లు అమ్మ ఒంటిమీద పోయమనలేకపోయాను. పలుగు పట్టుకుని పట్టపగలే కొండెక్కాను. అమ్మ చిన్ననాటినుంచీ ఉందని చెప్పే పెద్ద దిండునే తవ్వుతుంటే కుర్బాన్ వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వేరు రెండోవైపు పట్టి లాగుతూ అన్నాడు: "నిన్ననే తెచ్చుకోవాల్సింది మాస్టారూ. ముసలమ్మ కోసమంటే కాదనేవాళ్లెవరు?"

ఒకరు వరదకో, ఒకరు చలికో చావాలని మన నెత్తిన రాసిన పెద్దల గదులు ఏ రాజ్యం వచ్చినా వెచ్చగానే ఉంటాయి. వాళ్లమీద ముప్పయ్యేళ్లుగా అరుస్తున్నాను. చివరికి త్యాగం చెయ్యమని అడిగింది మాత్రం అమ్మని.

అన్నేళ్లు పెరిగిన దిండు చిటపటమని క్షణాల్లో కాలిపోయింది. నీళ్లు బాగానే కాగాయి. చెయ్యి పెట్టి చూశాను. ఇల్లు కూడా వెచ్చబడింది.

ఇట్లు,
అమ్మకు పాఠం చెప్పిన నీ తమ్ముడు,
ఇవజ్