ఒట్టిగ తిరిగిన పావు చుట్టు

బాపూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని ఎరుకే. అయినా రాస్తున్న, ఈ మాట అమ్మకు చెప్పనీకి మొఖం చెల్లుతలేదు.

మొఘల్‌పురా ఇంట్ల నువ్వు సరదాకు నడిపిన, ఇనుము చెక్కే చిన్న మిల్లింగ్ మిషన్ నిన్న విప్పిన. దాని పిడి ఉల్టా తిప్పితే పావు చుట్టు ఒట్టిగనే తిరిగేది, ముక్కను బిగించే బల్ల కదలకపోయేది. అందుకే నువ్వు ప్రతిసారి పిడి మీది కొలత గీత దాటి ఎనక్కి పోయి, మళ్ల ముందుకొచ్చి గీత మీద ఆపేటోనివి. "బాపుకు గీత కనిపిస్తలేదు" అని అమ్మ, బావ ముంగట నేను నవ్విన. నువ్వు కండ్లద్దాలు తుడుసుకున్నవ్. ఆ తర్వాత నేనున్నప్పుడు మిషన్ ముట్టలే.

ఆ లూజు పోవాలని రెండు ముక్కల ఇత్తడి నట్టు చేసిన. నడుమ బోల్టు తిప్పితే ముక్కలు జరిగి, బల్లను నడిపే స్క్రూకు సందు లేకుండ ఆనుకుంటయి. పాత నట్టు తీసి చూస్తే దాని మీద నా పేరు గీకి ఉంది. నిజాం కాలంల, కార్ఖానాల చేరిన కొత్తల నేను చేసిచ్చిందే, నేనే మర్చిపోయిన. "మస్తుగుంది బిడ్డా" అని నువ్వు అప్పుడే బిగించినవ్. లోపల మరలన్నీ నేనే వదులుగ కోసిన, ఆ పావు చుట్టు లూజు అందుకే.

నువ్వు తల్చుకుంటే ఒక్క పూటల కొత్తది చేసేటోనివి. చెయ్యలే. నా తప్పును ఇన్నేండ్లు నీ చేత్తోని సర్దుకున్నవ్.

ఇప్పుడు పిడి ఎటు తిప్పినా బల్ల వెంటనే కదులుతుంది. అయినా పొద్దున నా చెయ్యి గీత దాటి ఎనక్కి పోయి ముందుకొచ్చింది. అమ్మ చూసి, "ఏంది, నీక్కూడ గీత కనిపిస్తలేదా?" అన్నది.

నీ లెక్కనే నేను గూడ కండ్లద్దాలు తీసి తుడుసుకున్న.